‘రోమింగ్’ని మాకుండనివ్వండి

ఎడిటర్ గారికి,

నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో భాష మీద వచ్చిన వ్యాసం చదివాను. బెంగళూరులో ఉండే మన పిల్లలు ‘తిరగడం’ అనే చక్కటి తెలుగు మాట ఉండగా ‘రోమింగ్’ అంటున్నారనీ, ఇట్లా ఒక్కో మాటా వదులుకుంటూ పోతే చివరికి మనకు మిగిలేది ఏమీ ఉండదనీ రాశారు. ఫోన్ల విషయంలో కూడా ‘సంచార సేవ’ అంటే సరిపోతుందని సలహా ఇచ్చారు. రాసినవారి బాధ అర్థమైంది. ఆయన భాష తెలిసినవారు. నా చదువు ఇంటర్ మధ్యలో ఆగింది. ఎందుకు ఆగిందో తర్వాత చెప్తాను, దానికీ ఈ మాటకీ సంబంధం ఉంది. కానీ ఈ ఒక్క మాట మీద నేను పదిహేడేళ్ళుగా బతుకుతున్నాను కాబట్టి నాలుగు ముక్కలు రాయాలనిపించింది.

మాది మదనపల్లె. మారతహళ్ళిలో మెయిన్ రోడ్డుకు ఒక సందు లోపల మాకు రీచార్జి, జిరాక్స్ దుకాణం ఉంది. 2008లో మా ఆయన పెట్టాడు. ఇప్పుడు కౌంటర్లో కూర్చునేది నేను. చుట్టూ అన్నీ పీజీలే, అంటే పిల్లలు అద్దె కట్టి ఉండే హాస్టళ్ళు. వచ్చేవాళ్ళలో సగానికి పైగా మనవాళ్ళే. ఒంగోలు పిల్లలు, ఖమ్మం పిల్లలు, శ్రీకాకుళం పిల్లలు ‘ఆంటీ’ అంటారు. మా సీమ వాళ్ళయితే ‘అక్కా’ అంటారు. రెంటికీ పలుకుతాను.

దుకాణం పెట్టకముందు మా ఆయన లారీ తోలేవాడు. మదనపల్లె మార్కెట్లో టమోటా ఎత్తుకుని చెన్నై కోయంబేడు మార్కెట్‌కు, నాగపూరుకు, ఒక్కోసారి ఢిల్లీ దాకా పోయేవాడు. ఆయన చేతికి సెల్లు వచ్చాకే మా ఇంట్లోకి రోమింగ్ అనే మాట వచ్చింది. సిమ్ము కొన్న ప్రాంతం దాటి పోయి ఫోన్ వాడితే అది రోమింగ్. అంతకుముందు మేం ఆ మాట విననే లేదు, కాబట్టి దానికోసం ఏ తెలుగు మాటనీ వదులుకోలేదు. అప్పట్లో రోమింగ్‌లో ఉన్నప్పుడు మనకు వచ్చిన ఫోన్ ఎత్తినా డబ్బులే. 2007లో ఫోన్ కంపెనీలను అదుపు చేసే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ పెట్టిన గరిష్ఠ ధర ప్రకారం ఇన్‌కమింగ్‌కు నిమిషానికి 1.75 రూపాయలు. ఆయన చేస్తే లోకల్‌కు 1.40, దూరాల ఎస్టీడీకి 2.40. అందుకని మిస్డ్ కాల్ లెక్క పెట్టుకున్నాం. లోడు దించితే ఒక రింగు, తిరుగు ప్రయాణం మొదలైతే రెండు రింగులు. మేం ఎత్తకూడదు. ఒకసారి మా అత్త తెలియక ఎత్తేసింది. ఎత్తినామె ఊరుకుందా, తిన్నావా నాయనా అని మొదలుపెట్టి ఆవు ఈనిన సంగతి, పక్కింటోళ్ళ గోడ తగాదా అంతా చెప్పింది. ఆయన అక్కడ నాగపూర్ హైవే మీద ‘అమ్మా పెట్టేయ్, పెట్టేయ్’ అని అరుస్తూనే ఉన్నాడు. ఆ వారం మార్కెట్లో టమోటా కిలో రూపాయి. ‘ఆ ఫోనుకు పది కిలోల సరుకు పోయింది’ అని ఆయన ఇప్పటికీ అంటాడు.

దుకాణంలో పెద్దవాళ్ళు అడిగేవాళ్ళు, ‘నేనెవరికీ చేయలేదు కదమ్మా, వాళ్ళు చేస్తే నాకెందుకు కట్ అయింది?’ అని. వాళ్ళకు నేను పుట్టిల్లు, అత్తిల్లు లెక్కలో చెప్పేదాన్ని. ఫోన్ లైసెన్సుల కోసం దేశాన్ని ముక్కలుగా కోశారు, ఒక్కో ముక్క ఒక సర్కిల్. సిమ్ము ఏ సర్కిల్లో కొన్నామో అది దాని పుట్టిల్లు. కంపెనీవాళ్ళు కూడా దాన్ని హోమ్ నెట్‌వర్క్ అనే అంటారు. వేరే సర్కిల్‌కు పోతే అక్కడి టవర్ మన సిమ్మును విజిటర్ అని రాసుకుంటుంది. రాసుకుని పుట్టింటికి కబురు పంపుతుంది, మీ పిల్ల మా దగ్గర ఉంది, ఫోన్ ఇవ్వమంటారా అని. వాళ్ళు సరే అంటేనే సిగ్నల్. ఇక మనకు ఫోన్ చేసినవాడికి మనం ఎక్కడున్నామో తెలియదు. వాడు పుట్టింటికే చేస్తాడు, పుట్టింటి దాకా అయ్యే డబ్బులే కడతాడు. అక్కడి నుంచి అత్తింటికి మోసుకొచ్చిన ఖర్చు మన నెత్తిన పడుతుంది. మా పుట్టింటికొచ్చిన పెళ్ళి పత్రికను మా అమ్మ మనిషిని పెట్టి బెంగళూరు పంపిస్తే బస్సు ఛార్జీ నేనివ్వొద్దా? అట్లా. ఇది చెప్తే ఆడవాళ్ళకు వెంటనే అర్థమయ్యేది. మగవాళ్ళకు కొంచెం టైం పట్టేది.

ఈ సర్కిళ్ళు దేశంలో 22. అవి ఎట్లా కోశారోగానీ రోడ్డు మీద పోయేవాడికి నవ్వొస్తుంది. మా మదనపల్లె నుంచి కర్ణాటకలోని చింతామణికి బస్సెక్కి సర్దుకుని కూర్చునేలోపే రోమింగ్. హైదరాబాదు నుంచి తిరుపతి దాకా రాత్రంతా ప్రయాణం చేసినా హోమే. రాష్ట్రం 2014లో రెండైనా ఫోన్ లైసెన్సుల లెక్కలో రెండు రాష్ట్రాలూ ఒకటే సర్కిల్. ఇక హోసూరు సంగతి వేరే. అక్కడ అద్దె తక్కువని ఇల్లు తీసుకుని రోజూ బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీకి వచ్చిపోయేవాళ్ళు బోలెడుమంది. కర్ణాటక సిమ్ము, తమిళనాడులో ఇల్లు. సరిహద్దులో అత్తిబెలె దాటగానే టవర్ గీతల పక్కన చిన్న ఆర్ అక్షరం వచ్చేది. ఒకబ్బాయి అనేవాడు, ‘ఆంటీ, ఆఫీసుకొస్తే హోమ్, హోమ్‌కెళ్తే రోమింగ్’ అని. దీన్ని ‘ఇంటికెళ్తే సంచారం’ అని మార్చి చూడండి. నవ్వు రాదు సరికదా, ఎవరో చనిపోయినట్టుంటుంది.

సంక్రాంతికి రెండు రోజుల ముందు మా దుకాణం చూడాల్సింది. ఊరికి పోయే ప్రైవేటు బస్సులన్నీ మారతహళ్ళిలో ఆగుతాయి. బ్యాగులు నా కౌంటర్ ముందు పడేసి, ‘అక్కా, రోమింగ్ ప్యాక్’, ‘ఆంటీ, రేట్ కట్టర్’ (కాల్ రేటు తగ్గించే ప్యాక్) అని ఎగబడేవాళ్ళు. కమీషన్ కొంచెమే అయినా ఆ రెండు రోజుల్లో నెల అద్దె వచ్చేది. ఆ తర్వాత ఛార్జీలు తగ్గుతూ పోయాయి. 2013 జులైలో ఇన్‌కమింగ్ 75 పైసలైంది, 2015 మేలో 45 పైసలైంది. ఆ జూన్‌లోనే బీఎస్‌ఎన్‌ఎల్ రోమింగ్‌లో ఇన్‌కమింగ్ ఫ్రీ అంది. జులైలో, నంబరు మార్చుకోకుండా దేశంలో ఏ సర్కిల్‌కైనా మారొచ్చన్నారు. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది, రోమింగ్ ఛార్జీ అన్నదే లేదంది. మరుసటేడు మిగతావాళ్ళకూ తప్పలేదు. నా సంక్రాంతి వ్యాపారం అక్కడితో సరి. దాని గురించి నాకేం బాధలేదు. జిరాక్స్ మెషిన్ ఉంది.

అయితే ఛార్జీ పోయింది కదా, మాట పోలేదు. ఎందుకు పోలేదో నేను కళ్ళారా చూశాను. మా సందులో చీటీల అన్న ఒకాయన ఉన్నాడు. ఆయనకు చీటీ ఎత్తుకుని మూడు నెలలుగా కట్టని మనిషి ఒకతను ఉన్నాడు. ఒక సాయంత్రం చీటీల అన్న నా దుకాణం ముందే నిలబడి స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు. అవతల నుంచి, ‘అన్నా, రోమింగ్‌లో ఉన్నా, కట్ అయితాది, ఊరికొచ్చినాక చేస్తా’ అని సమాధానం. గొంతు ఫోన్లోనూ వినిపించింది, రోడ్డుకు అవతలి నుంచీ వినిపించింది. చూస్తే అతను ఎదురుగా టీ కొట్టు దగ్గర, మాకు వీపు పెట్టి, ఒక చేత్తో గ్లాసు, ఒక చేత్తో ఫోను. చీటీల అన్న ఫోన్ కట్ చేయకుండానే రోడ్డు దాటి వెళ్ళి భుజం మీద చెయ్యేశాడు. ‘ఏ సర్కిల్లో ఉన్నావప్పా?’ అన్నాడు. ఆ తర్వాత జరిగింది రాయదగ్గది కాదు.

అట్లా రోమింగ్‌లో ఉన్నా అంటే ఇప్పుడు ‘నీతో మాట్లాడే ఓపిక నాకు లేదు’ అని అర్థం. పెళ్ళి సంబంధాలవాళ్ళకు, లోన్లవాళ్ళకు, మేనేజర్లకు అందరికీ పనికొస్తుంది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు, మర్యాద మాత్రం మిగులుతుంది. ఇంత పని చేసే మాట తెలుగులో ఇంకోటి ఉంటే చెప్పండి, రేపటి నుంచి అదే వాడతాను.

నిజంగా డబ్బులు కోసే రోమింగ్ ఇంకా ఒకటి ఉంది, విదేశాలది. పాతికేళ్ళ సర్వీసు చేసి రిటైరైన పెద్దాయన ఒకరు మా దుకాణానికి వస్తారు. కూతురి పురుడుకని అమెరికా పోయారు. ఇక్కడి పోస్ట్‌పెయిడ్ నంబరుకు ఇంటర్నేషనల్ రోమింగ్ పెట్టించుకున్నారు, బ్యాంకు ఓటీపీల కోసం. మధ్యలో విమానం మారేచోట నాలుగు గంటలు కూర్చోవాలి. చేరినట్టు ఇంటికి ఒక మాట చెబుదామని ఫోన్ ఆన్ చేశారట. ఆ దేశానికి ఆయన ప్యాక్ వర్తించదు. డేటా రోమింగ్ ఆన్‌లోనే ఉంది. ఆయన ఒక్క మెసేజ్ కూడా పంపలేదు, ఫోను జేబులో పెట్టుకుని కునుకు తీశారు. ఆ జేబులోనే బంధువుల గ్రూపులో నూట ఎనభై శ్రీమంతం ఫొటోలు దిగాయి, రెండు వీడియోలతో సహా. నెల బిల్లు పద్నాలుగు వేల పైచిలుకు. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఆయన సంతకం పెట్టిన కాగితంలో అంతా ఉంది, చీమ తలంత అక్షరాల్లో. ఆ బిల్లు జిరాక్స్ తీయించుకోవడానికి వచ్చి, ‘అమ్మా, నేను కదలకుండా కూర్చున్నాను, ఫోన్ తిరిగిందంటారు, ఇదేం న్యాయం?’ అని అడిగారు. నేనేం చెప్పను. అప్పటి నుంచి మా దుకాణంలో విదేశాలకు పోయే ప్రతి పెద్దమనిషి ఫోనూ తీసుకుని, సెట్టింగ్స్‌లో డేటా రోమింగ్ నా చేత్తో ఆఫ్ చేసి, చూపించి ఇస్తున్నాను. మెసేజ్‌లు (ఎస్సెమ్మెస్‌లు, వాట్సాప్‌వి కాదు) ఊరికే వస్తాయి చాలాచోట్ల, డేటా మాత్రం తెరవొద్దని చెప్తాను. దీనికి డబ్బులు తీసుకోను.

ఇంకా చాలాచోట్ల ఉంది ఈ మాట. దుకాణం కంప్యూటర్ బాగుచేయడానికి వచ్చిన అబ్బాయి విండోస్‌లో రోమింగ్ అనే ఫోల్డర్ తెరిచి చూపించాడు. ఆఫీసుల్లో మనిషి ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా అతని సెట్టింగులు వెంట వచ్చేట్టు ఆ ఏర్పాటట. ‘మీకున్నది ఒకటే కంప్యూటర్ ఆంటీ, మీ రోమింగ్ ఎక్కడికీ పోదు’ అన్నాడు. ఐఐఎస్సీలో చదివే పిల్లాడొకడు ఎడ్యురోమ్ అనే వైఫై గురించి చెప్పాడు, వాళ్ళ కాలేజీ పాస్‌వర్డుతోనే వేరే కాలేజీలో, వేరే దేశంలో కూడా కనెక్ట్ అవుతుందట. ఇక మా వాడు గేముల్లో ‘ఫ్రీ రోమ్’ అంటాడు. అంటే ఇచ్చిన మిషన్ చేయకుండా కారేసుకుని ఊరంతా బలాదూర్ తిరగడం. వాడి డిగ్రీ కూడా ఆ పద్ధతిలోనే నడుస్తోంది.

జిరాక్స్‌కు వచ్చే ఇంగ్లీషు లెక్చరర్ గారిని అడిగాను, ఈ మాట రోమ్ నగరం నుంచి వచ్చిందా అని. అట్లాగే చాలామంది అనుకునేవాళ్ళట, యాత్రకు రోమ్ పోయేవాళ్ళను బట్టి వచ్చిందని. కానీ అది నిలబడలేదట, అసలు పుట్టుక ఇప్పటికీ తేలలేదన్నారు. మనవైపు కూడా తిరునాళ్ళంటే జనం తిరుగుతారు కాబట్టి ఆ పేరొచ్చిందనుకునేవాళ్ళున్నారు. అది తమిళం నుంచి వచ్చిన ‘తిరు’, శ్రీ అన్నట్టు. ఆ సంగతి కూడా ఆయనే చెప్పారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

ఇక్కడికి దగ్గర్లో ఒక లేడీస్ పీజీ ఉంది. ఆ ఓనరు నా దగ్గరికొచ్చి బోర్డు టైపు చేయించి లామినేషన్ వేయించుకుంది. ‘రాత్రి పది తర్వాత రోమింగ్‌కు అనుమతి లేదు’ అని ఇంగ్లీషులో. కారిడార్లో తిరగొద్దు, కబుర్లు చెప్పుకుంటూ మెట్ల మీద కూర్చోవద్దు అని ఆమె ఉద్దేశం. రెండు రోజుల తర్వాత ఒకమ్మాయి వచ్చింది. పాలకొల్లు పిల్ల, ఊరి నుంచి దిగి వారం కూడా కాలేదు. మొహంలో టెన్షన్. ‘ఆంటీ, మా పీజీలో పది దాటితే రోమింగ్ పనిచేయదంటండి. నాది ఆంధ్రా సిమ్మండి. మా అమ్మ షాపు కట్టేసి పదిన్నరకి గానీ ఫోన్ చేయదండి. ఇక్కడి సిమ్ము తీసుకోవాలాండి?’ అంది. నాకు నవ్వాగలేదు. తర్వాత చెప్పాను, అది ఫోన్‌కు కాదమ్మా, నీకు అని. ఆ పిల్ల కాసేపాలోచించి, ‘అయితే ఫర్లేదండి’ అని ఊపిరి పీల్చుకుంది. తనను తిరగొద్దన్నందుకు కాదు ఆ పిల్ల భయం, అమ్మ ఫోన్ రాదేమోనని. అట్లాంటి పిల్ల.

అదే పిల్ల, ఆరు నెలలు పోయాక, ఒక ఆదివారం సాయంత్రం ఏదో ప్రింటు కోసం నా కౌంటర్ దగ్గర నిలబడింది. చేతిలో రెండు సంచులు, చెవులకు కొత్త జుంకీలు. వీడియో కాల్‌లో అమ్మ. ‘ఎక్కడికెళ్ళావే పొద్దున్నించీ?’ అంది అమ్మ. ‘ఫ్రెండ్స్‌తో రోమింగ్‌కెళ్ళానమ్మా, కమర్షియల్ స్ట్రీట్, ఆ తర్వాత కబ్బన్ పార్కు’ అంది పిల్ల. ‘సరే, ఎండలో నల్లబడతావు’ అంది అమ్మ. అంతే. ఫోన్ పెట్టేశాక నేను ఆ పిల్లనే చూస్తూ ఉండిపోయాను. అదే మాటను ‘తిరగడానికెళ్ళానమ్మా’ అని ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. ‘తిరగడమేంటే, ఆడపిల్లవి’ అని ఉండేది. ఆ తల్లి చెడ్డది కాదు. ఆ మాట నోట్లోకి రాగానే ఆ జవాబు దానంతటదే వచ్చేస్తుంది.

నాకెట్లా తెలుసంటే, నాకు పదిహేడేళ్ళప్పుడు ఇంటర్ రెండో సంవత్సరంలో ఒక మధ్యాహ్నం క్లాసు జరగలేదు. నేనూ, నా స్నేహితురాలూ హార్స్‌లీ హిల్స్ బస్సెక్కాం. మదనపల్లెలో పుట్టి హార్స్‌లీ హిల్స్ చూడలేదని నేను చెప్తే నా స్నేహితురాలు నమ్మలేదు, అందుకని. పైన చల్లగాలి, యూకలిప్టస్ చెట్ల వాసన. గాలిబండ దగ్గర నిలబడితే కింద ఊళ్ళు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. ఇద్దరం మిరపకాయ బజ్జీలు తిన్నాం, చెరో మూడు. ఆరు గంటల బస్సుకు దిగాం. బస్టాండులో మా వీధి మనిషి ఒకాయన చూశాడు. మా నాయనతో ఆయన అన్నది ఒక్కటే మాట, ‘మీ పాప తిరుగుతా ఉంది’ అని. ఎక్కడ, ఎవరితో, ఏం చేస్తూ, అవేవీ లేవు. మా నాయన అడగలేదు కూడా. మార్చి పరీక్షలకు నేను పోలేదు, మేలో పెళ్ళి చేశారు. పెళ్ళికొడుకు గురించి మా ఇంట్లో గొప్పగా చెప్పిన మాట ఏమంటే, ‘పిల్లోడు లారీ మీద దేశమంతా తిరిగినోడు’ అని.

అప్పటి నుంచీ నేను ఈ మాటను గమనిస్తున్నాను. మగవాడు తిరిగితే దానికి ఊరి పేరుంటుంది. కాశీ తిరిగొచ్చాడు, ఢిల్లీ తిరిగొచ్చాడు, కోర్టుల చుట్టూ తిరిగాడు. లేకపోతే కారణముంటుంది, ఉద్యోగం కోసం కాళ్ళరిగేలా తిరిగాడు. ఏ కారణమూ లేకుండా తిరిగినా మహా అయితే బేవార్సు, దేశదిమ్మరి అంటారు, పెళ్ళైతే కుదురుకుంటాడంటారు. ఆడది తిరిగితే ఊరి పేరు రాలిపోతుంది. ఊరికే ‘తిరుగుతా ఉంది’. వాక్యం అక్కడితో అయిపోతుంది. మా పక్కన టైలర్ షాపు కన్నడామెను అడిగాను, మీలో ఎట్లా అని. ‘తిరుగాడోదు’ అన్నా, ‘సుత్తోదు’ అన్నా వాళ్ళలోనూ ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికి ఇదే కథంది. మా మాట, వాళ్ళ మాట అక్కచెల్లెళ్ళలా ఉంటాయి కాబట్టి బుద్ధులూ అట్లాగే ఉన్నట్టున్నాయి.

అందుకని ఆ వ్యాసం రాసినవారికి నేను చెప్పుకునేది ఇదొక్కటే. పిల్లలు తెలుగు రాక రోమింగ్ అనడం లేదండీ. ఆ పాలకొల్లు పిల్ల నాతో మాట్లాడిన తెలుగు మీ పేపర్ తెలుగు కంటే తియ్యగా ఉంటుంది. తెలుగు బాగా తెలిసే ఆ మాట పక్కన పెట్టింది. వాళ్ళమ్మకు ‘విహారం’ అంటే నవ్వుతుంది, ‘షికారు’ అంటే అనుమానపడుతుంది, ‘తిరగడం’ అంటే భయపడుతుంది. రోమింగ్ అంటే ఏ భయమూ లేదు, ఎందుకంటే ఆమెకు తెలిసిన రోమింగ్ ఫోన్‌ది. ఫోను ఎంత దూరం పోయినా పుట్టింటి లెక్కలోనే ఉంటుందని, నెలాఖరుకు బిల్లు ఇంటికే వస్తుందని ఆమెకు తెలుసు. ఆ ధైర్యం ‘సంచార సేవ’లో లేదు. ‘తిరగడం’ అనే మాటను మా ఆడపిల్లలకు శుభ్రం చేసి ఇవ్వండి, మీ పేపర్లోనే మొదలుపెట్టండి. ‘అమ్మాయిలు కబ్బన్ పార్కులో తిరిగారు’ అని ఒక్క వార్త, వెనక ఏ అర్థమూ లేకుండా రాసి చూపించండి. అప్పుడు నేనే నా కస్టమర్లకు చెప్తాను, రోమింగ్ అనకండమ్మా అని.

మా దుకాణం బోర్డు గురించి కూడా చెప్పాలి. మొదట్లో పెయింటరు తెలుగులో ‘రోమింగు ప్యాకులు దొరుకును’ అని రాశాడు, చివర ఉకారంతో సహా, ఏదో మన తాతల నాటి మాటైనట్టు. 2024లో బోర్డు మీద 60 శాతం కన్నడ ఉండాలన్న నిబంధన వచ్చాక కొత్త ఫ్లెక్సు కొట్టించాం. కన్నడంలో పెద్దక్షరాలు, కింద చిన్నగా తెలుగు. రెండు వరుసల్లోనూ రోమింగ్ అనే మాట దాదాపు ఒకేలా కనిపిస్తుంది. ఇప్పుడు ఆ ప్యాకులు ఎవరూ అడగరు కదా, తీసేద్దామా అన్నాడు ఫ్లెక్సు అబ్బాయి. ఉండనీ అన్నాను.

ఇది రాస్తుండగానే, అంటే మొన్న బుధవారం, ఒకావిడ రీచార్జికి వచ్చింది. మనవాళ్ళే, పై సందులో అద్దెకుంటారు. ఫోన్ నంబరు చెప్తూనే కౌంటర్ మీదకు వంగి గొంతు తగ్గించింది. ‘ఆ మూడో ఫ్లోర్ పిల్ల, అదే, జుంకీల పిల్ల, ఎవరో అబ్బాయితో రోమింగంట, చూశావా?’ అంది. నాకు గుండె కలుక్కుమంది. ఈ మాటకూ మొదలైందన్నమాట.

‘రోమింగ్ ఎప్పుడో ఫ్రీ అయిపోయింది కదక్కా, ఇంకా ఎవరికి ఛార్జీ పడుతుందని?’ అన్నాను.

ఆమెకు అర్థమైందో లేదో. నెల ప్యాక్ వేయించుకుని, చిల్లర లెక్కపెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇట్లు,
రీచార్జి దుకాణం ఆమె,
మారతహళ్ళి, బెంగళూరు.
(పేరు వేయవద్దని మనవి. మదనపల్లెలో మీ పేపర్ మా నాయన కూడా చదువుతాడు.)